చివరి రోజుల గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు: లివింగ్ విల్ నుంచి ఎయిర్ బెడ్ దాకా

మా నాన్న పదకొండు రోజులు ఐసీయూలో ఉండి పోయారు. ముక్కులో పైపు పీకేసుకుంటున్నారని రెండు చేతులూ మంచం రాడ్‌కి గాజుగుడ్డతో కట్టేశారు. అయిదో రోజు నేను లోపలికెళ్తే కళ్ళతో ఆ కట్టు చూపించారు, విప్పమని. నర్సమ్మ వద్దంది, నేను విప్పలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఒక పాలియేటివ్ కేర్ (జబ్బు బాధ తగ్గించే వైద్యం) టీంతో వారానికోసారి రోగుల ఇళ్ళకి వెళ్తున్నాను. సంచి మోయడం, కాగితాలు రాయడం, ఇంటివాళ్ళతో కూర్చోవడం, ఇదీ నా పని. నేను డాక్టర్ని కాదు, లాయర్ని అసలే కాదు. కానీ ఈ పని చేస్తున్నానని తెలిశాక చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు, వాళ్ళ ఆఫీసువాళ్ళు కూడా ఏ అర్ధరాత్రో ఫోన్ చేస్తున్నారు, ఎవరు చేసినా ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సింది చూసుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## అందరూ బాగున్నప్పుడు

ఇంట్లో చావు మాట ఎత్తితే అమ్మ "తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యి" అంటుంది. ఎలా మొదలుపెట్టాలి?

సొంత చావుతో మొదలుపెట్టకండి, పక్కవాళ్ళ చావుతో మొదలుపెట్టండి. ఎవరిదో పెద్దకర్మ భోజనానికి వెళ్ళొస్తూ కారులో "అదృష్టవంతుడు, మంచం పట్టకుండా పోయాడు" అని ఎవరో ఒకరు అంటారు కదా, ఆ క్షణం వదలకండి. "నీకైతే ఎలా ఉండాలమ్మా?" అని అడిగి ఊరుకోండి. అమ్మ చెప్తుంది. నిజానికి రోజూ చెప్తూనే ఉంది కూడా. గుళ్ళో దర్శనం అయ్యాక కాసేపు కూర్చుని "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని చాలామంది పెద్దవాళ్ళు అనుకుంటారు, అందులో మొదటి కోరికే బాధలేని చావు. దేవుణ్ణి రోజూ అడిగేదాన్ని పిల్లలకి ఒక్కసారి చెప్పమనండి. మూడు సంగతులు తెలిస్తే చాలు: మాట్లాడలేని స్థితి వస్తే ఎవరి మాట వినాలి, ఏ స్థితిలో బతకడం ఆమెకి అస్సలు ఇష్టం లేదు, చివరికి ఎక్కడ ఉండాలనుకుంటోంది.

లివింగ్ విల్ అంటే ఆస్తి వీలునామా లాంటిదేనా?

కాదు. ఆస్తి వీలునామా మీరు పోయాక పనిచేస్తుంది, ఇది మీరు బతికుండి మాట్లాడలేని స్థితిలో పనిచేస్తుంది. నయమయ్యే ఆశ లేనప్పుడు వెంటిలేటర్, డయాలిసిస్, గుండె నొక్కి మళ్ళీ కొట్టించడం లాంటివి వద్దు అనో, ఫలానా దాకా చేసి ఆపండి అనో ముందే రాసిపెట్టుకునే కాగితం. సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 2018 మార్చి 9న 'కామన్ కాజ్' కేసులో దీన్ని గుర్తించింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది ఆ తీర్పే.

ఇందులో ఆస్తి ప్రస్తావన ఏమీ ఉండకూడదు. రెండూ ఒకే కాగితం మీద రాస్తే రెంటికీ ఇబ్బందే.

అది రాయాలంటే ఎంత తతంగం ఉంటుంది?

2018లో చాలా తతంగం ఉండేది, మేజిస్ట్రేట్ దగ్గర సంతకం కావాలన్నారు. దాంతో రాసినవాళ్ళే తక్కువ. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని తేలిక చేసింది. ఇప్పుడు 18 ఏళ్ళు నిండి, బుద్ధి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసర్ చేతగానీ ధ్రువీకరణ చేయించాలి. సాక్షులు మీ ఆస్తికి వారసులు కాకపోతే మంచిది. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు అందులో రాయాలి, ఒకరి కంటే ఎక్కువమందిని కూడా రాయొచ్చు. ఒక కాపీ వాళ్ళకి, ఒకటి ఫ్యామిలీ డాక్టర్ ఉంటే ఆయనకి, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీలో దీనికోసం నియమించిన అధికారికి ఇవ్వాలి.

ఈ చివరి దగ్గరే చిక్కు. తీర్పులో ఉంది గానీ, మీ మునిసిపల్ ఆఫీసులో అడిగితే "ఏ సెక్షన్ అండీ ఇది?" అని మిమ్మల్నే ఎదురు అడగొచ్చు. అలా అంటే కవరింగ్ లెటర్ పెట్టి ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. గోవాలో 2024లో హైకోర్టు జడ్జి జస్టిస్ సోనక్ స్వయంగా లివింగ్ విల్ రాసి అక్కడ మొదలుపెట్టారు, కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ తీర్పు అమలు చేయమని ఆస్పత్రులకి ఉత్తర్వు ఇచ్చింది.

రాసేటప్పుడు "నన్ను బాధపెట్టకండి" లాంటి వాక్యాలు ఎవరికీ పనికిరావు. "మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి తిరిగి రానని డాక్టర్లు తేల్చితే వెంటిలేటర్ వద్దు, నొప్పి మందు మాత్రం ఎంత అవసరమైతే అంత ఇవ్వండి" అని రాస్తే పనికొస్తుంది. తెలుగులో రాసుకోవచ్చు, కాకపోతే ఐసీయూలో డాక్టరు కేరళవారో ఒడిశావారో కావచ్చు కాబట్టి ఇంగ్లిష్ కాపీ కూడా ఉంటే మేలు.

రాసేశాక మనసు మారితే?

ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అది కూడా రాతపూర్వకంగా చేసి, పాత కాపీలు ఇచ్చినవాళ్ళందరికీ చెప్పండి. ఇంకో సంగతి, మీరు తెలివిలో ఉండి మాట్లాడగలిగినంత కాలం ఈ కాగితం బీరువాలోనే ఉంటుంది, మీ నోటిమాటే చెల్లుతుంది.

ముగ్గురు పిల్లల్లో ఎవరి పేరు రాయాలి? పెద్దవాడు అమెరికాలో ఉన్నాడు, వదిలేస్తే బాధపడతాడు.

ప్రేమ ఎక్కువ ఉన్నవాళ్ళని కాదు, ఐసీయూ ముందు నిలబడి మీరు చెప్పిందే చెప్పగలిగినవాళ్ళని రాయండి. ఒక్కోసారి అది కోడలు అవుతుంది, మేనల్లుడు అవుతాడు, దగ్గరి స్నేహితురాలు అవుతుంది. పెద్దవాడి పేరు కూడా రెండో పేరుగా పెట్టి, అందరినీ ఒక వీడియో కాల్‌లో కూర్చోబెట్టి చదివి వినిపించండి. గొడవ అవుతుంది. ఇప్పుడే అవడం మంచిది, రాత్రి రెండింటికి ఆస్పత్రి కారిడార్‌లో అయ్యే గొడవ ఇంతకంటే చాలా ఘోరంగా ఉంటుంది, నేను చూశాను.

## జబ్బు తేలాక

నాన్నకి క్యాన్సర్ అని చెప్పొద్దని అందరం అనుకున్నాం. తెలిస్తే కుంగిపోతారు. ఇది తప్పా?

నాన్నకి తెలిసే ఉంటుంది. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి ఆటో మాట్లాడితే డ్రైవరే "క్యాన్సర్ దవాఖానా?" అని గట్టిగా అడుగుతాడు. గేటు మీద బోర్డు ఉంటుంది, పక్క బెడ్ ఆయన తన కీమోలు లెక్కచెప్తాడు, ఇంట్లో తను రాగానే మాటలు ఆగిపోతాయి. ఇన్ని చూసిన మనిషికి తెలియదనుకోవడం మన అమాయకత్వం. చాలా ఇళ్ళలో నేను చూసిందేంటంటే, పిల్లలు నాన్న దగ్గర దాస్తుంటారు, నాన్న పిల్లలు భయపడతారని వాళ్ళ దగ్గర దాస్తుంటాడు, ఎవరి ఏడుపు వాళ్ళు బాత్రూంలో ఏడుస్తుంటారు.

అలాగని వెళ్ళి రిపోర్టు చదివి వినిపించమని కాదు. "నాన్నా, మీ జబ్బు గురించి మీకు ఏమనిపిస్తోంది? డాక్టరుగారు చెప్పేవి మీకే చెప్పమంటారా, మాకు చెప్తే చాలా?" అని అడగండి. కొందరు "నాకొద్దమ్మా, మీరే చూసుకోండి" అంటారు. అదీ ఆయన ఇష్టమే, గౌరవించాలి. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి "ఎన్నాళ్ళంటున్నారు?" అంటారు. అప్పుడు అబద్ధం చెప్తే తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు. మేం వెళ్ళిన ఒక ఇంట్లో ఒకాయన సంగతి తెలిసిన మర్నాడే ఎల్‌ఐసీ కాగితాలు, ఒక చేబదులు లెక్క, చిన్నకూతురి పెళ్ళికి ఇస్తానన్న గొలుసు సంగతి అన్నీ చెప్పేసి, రాత్రి నెలల తర్వాత నిద్రపోయారని ఆయన భార్య చెప్పింది.

పాలియేటివ్ కేర్‌కి పంపుతున్నారంటే ఇక ఆశ లేదనేనా?

నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, భయం, ఇంటివాళ్ళ అలసట, వీటికి చేసే వైద్యం పాలియేటివ్ కేర్. కీమో నడుస్తుండగానే తీసుకోవచ్చు, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకీ తీసుకోవచ్చు. మన దగ్గర చివరి వారంలో పంపిస్తారు కాబట్టి అది చావు డిపార్ట్‌మెంట్ అని పేరుపడిపోయింది. ఆ పేరుకి భయపడి నొప్పితో నెలలు గడిపేవాళ్ళని చూస్తే కోపం వస్తుంది.

మా దగ్గర ఇవి ఎక్కడ ఉన్నాయి?

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ (చివరి దశ రోగుల్ని ఉంచుకుని చూసుకునేచోటు) ఉచితంగా చేర్చుకుంటుంది. తెలంగాణలో ప్రభుత్వం చేవెళ్ళతో మొదలుపెట్టి జిల్లా కేంద్రాలు పెట్టింది, మీ జిల్లా ఆస్పత్రిలో అడగండి. విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కేరళ సంగతి వేరు, అక్కడ 1993లో కోజికోడ్‌లో మొదలై ఊరూరికీ వాలంటీర్లతో పాకింది, 2008లో ప్రభుత్వ విధానమే వచ్చింది. మనకి ఇంకా అంత లేదు.

మార్ఫిన్ మొదలుపెడితే అలవాటు పడతారు, తొందరగా పోతారు అంటున్నారు. నిజమా?

ఈ భయం వల్ల బాధపడినంతమంది ఇంక దేనివల్లా బాధపడి ఉండరు. నోటి మాత్రగా, డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి చూసుకుంటూ పెంచే మార్ఫిన్ ప్రాణం తీయదు. నొప్పికోసం వాడేవాళ్ళలో వ్యసనం అరుదు. మోతాదు పెరిగిందంటే నొప్పి పెరిగిందని అర్థం. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వాంతులు రావచ్చు. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేయాలి. నొప్పి వచ్చాక వేద్దాంలే అని ఆగితే ఆ నొప్పిని మళ్ళీ దించడానికి ఎక్కువ మందు కావాలి.

ఇది మెడికల్ షాపులన్నిటిలో దొరకదు. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రులు మునుపటిలా రకరకాల లైసెన్సులు లేకుండానే దీన్ని ఉంచుకోగలుగుతున్నాయి, ఎక్కడ దొరుకుతుందో పాలియేటివ్ టీం చెప్తుంది.

అమ్మే "ఒక్క ఇంజెక్షన్ ఇప్పించి పంపించేయండిరా" అంటోంది. ఇండియాలో కుదురుతుందా?

కుదరదు. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మన దేశంలో నేరం, రోగి అడిగినా నేరమే. స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, అమెరికాలో ఒరెగాన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతిలో చట్టాలున్నాయి, మనకి లేవు. హైదరాబాద్‌లోనే 2004లో వెంకటేశ్ అనే చెస్ ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో లైఫ్ సపోర్ట్ మీద ఉండి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోతానని తల్లి ద్వారా హైకోర్టుకి వెళ్ళాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే చనిపోయాడు. ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై 42 ఏళ్ళు అదే ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆమె తరఫున వేసిన పిటిషన్‌ని 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది, కానీ చికిత్స ఆపడానికి దారి ఆ తీర్పుతోనే తెరుచుకుంది. ఇన్నేళ్ళూ ఆమెకి ఒంట్లో పుండు పడకుండా చూసుకున్న నర్సులు మాత్రం ఆమెని పోనివ్వడానికి ఒప్పుకోలేదు. ఎవరిది న్యాయం అంటే నా దగ్గర జవాబు లేదు.

కానీ అమ్మ ఆ మాట అన్నప్పుడు చట్టం చెప్పి నోరు మూయించకండి. "ఏది భరించలేకపోతున్నావమ్మా?" అని అడగండి. రాత్రిళ్ళు నొప్పి కావచ్చు. కొడుకు చేత డైపర్ మార్పించుకోవడం సిగ్గనిపించి కావచ్చు. కోడలు సెలవు పెట్టిందని బాధ కావచ్చు. వీటిలో చాలావాటికి మందో మనిషో ఉంటారు. ఒకావిడ విషయంలో ఆయాను పెట్టగానే ఆ మాట ఆగిపోయింది.

## ఐసీయూ బయట

వెంటిలేటర్ పెట్టాలి, పది నిమిషాల్లో చెప్పండి అంటున్నారు. ఏం అడగాలి?

పది నిమిషాల్లో కూడా మూడు ప్రశ్నలు పడతాయి. "ఇది దాటితే మనిషి ఎలా ఉంటారు, తన పని తను చేసుకోగలరా? ఈ జబ్బు నయమయ్యేదా, లేక పాత జబ్బే ముదిరి ఇక్కడికి వచ్చిందా? మీ నాన్నగారైతే పెట్టిస్తారా?" మూడో ప్రశ్నకి కొందరు డాక్టర్లు చిరాకుపడతారు, పడనివ్వండి. నిమోనియా వచ్చిన ఆరోగ్యవంతుడికి వెంటిలేటర్ ప్రాణదానం, భయపడి వద్దనకండి. ఒళ్ళంతా పాకిన క్యాన్సర్‌తో చివరి దశలో ఉన్నాయనకి అది వేరే సంగతి.

తేల్చుకోలేకపోతే "మూడు రోజులు పెట్టి చూద్దాం, మెరుగు లేకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం" అని అడగండి, డాక్టర్లు దీనికి చాలాసార్లు ఒప్పుకుంటారు. ఆ మాట కేస్‌షీట్‌లో రాయించండి.

డీఎన్‌ఏఆర్ అంటే వైద్యం ఆపేస్తారా?

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, షాకులిచ్చి మళ్ళీ కొట్టించే ప్రయత్నం చేయొద్దని అర్థం, అంతే. యాంటీబయాటిక్, ఆక్సిజన్, నొప్పిమందు అన్నీ నడుస్తాయి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2020లో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎనభై దాటిన బక్కప్రాణం మీద ఛాతీ నొక్కితే పక్కటెముకలు విరగడం మామూలే, ఇది సినిమాల్లో చూపించరు.

వెంటిలేటర్ తీసేయమంటే మేం చంపినట్టు కాదా? పాపం చుట్టుకోదా?

జబ్బుతో పోతున్న మనిషికి పనిచేయని చికిత్స ఆపితే ప్రాణం తీసింది జబ్బే. కోర్టు చెప్పిందీ అదే, విషం ఎక్కించడం వేరు, అడ్డుపెట్టిన మెషిన్ తొలగించి సహజంగా పోనివ్వడం వేరు అని. అసలు పెట్టకపోవడం, పెట్టి తీయడం, ఈ రెంటికీ నైతికంగా తేడా లేదని వైద్యనీతి చదువుకున్నవాళ్ళు చెప్తారు గానీ, సంతకం పెట్టే చేతికి మాత్రం ఆ తేడా కొండంత ఉంటుంది, దాన్ని నేను కాదనను.

పాపం సంగతి. భీష్ముడు ఉత్తరాయణం దాకా ఆగి తన సమయం తను ఎంచుకున్నాడని విని పెరిగినవాళ్ళం మనం. పోప్ పన్నెండో పయస్ 1957లోనే, అసాధారణమైన చికిత్సలు తీసుకుని తీరాలన్న బాధ్యత లేదని మత్తు డాక్టర్ల సభలో చెప్పారు. మీకు నమ్మకమున్న గురువుగారినో, ఫాదర్‌నో, ఇమామ్‌సాబ్‌నో అడగండి. అయితే "చంపొచ్చా" అని కాదు, "ఇక నయం కాదన్నారు, మెషిన్ ఆపి నొప్పి లేకుండా చూసుకుంటే తప్పా" అని అడగండి. ఉన్నదున్నట్టు అడిగితేనే ఉన్నదున్నట్టు జవాబొస్తుంది.

లివింగ్ విల్ రాయలేదు. ఇప్పుడు ఆపాలంటే చట్టప్రకారం దారి ఏంటి?

ఉంది. రోగి తెలివిలో ఉండి వద్దంటే అది ఆయన హక్కు, అక్కడితో అయిపోయింది. తెలివి లేకపోతే, నయం కాని స్థితి అని చూస్తున్న డాక్టరు చెప్పాక, ఆస్పత్రి ఒక ప్రైమరీ బోర్డు వేయాలి, అందులో ఆ డాక్టరు, అయిదేళ్ళ అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. తర్వాత సెకండరీ బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు. ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలని 2023 ఉత్తర్వు. దగ్గరి బంధువుల సమ్మతి తీసుకుని, అమలుచేసే ముందు మేజిస్ట్రేట్‌కి ఆస్పత్రి తెలియజేయాలి. బోర్డు ఒప్పుకోకపోతే మీరు హైకోర్టుకి వెళ్ళొచ్చు.

"మా దగ్గర అలాంటివి చేయం" అని ఆస్పత్రి అంటే, మెడికల్ సూపరింటెండెంట్ పేరుమీద రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకి కదలనివాళ్ళు కాగితానికి కదులుతారు.

ఆస్పత్రివాళ్ళు డబ్బుకోసమే లాగుతున్నారని అనుమానంగా ఉంది.

అన్నిచోట్లా అలా కాదు, అలాగని అనుమానపడేవాళ్ళందరూ పిచ్చివాళ్ళూ కాదు. బిల్లు కౌంటర్ దగ్గర అరవడం కంటే, రోజూ ఒకే టైముకి ఒకే మనిషి డాక్టరుతో మాట్లాడి "నిన్నటికి ఇవాళ్టికి ఏం మారింది" అని నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగు రోజుల పేజీలు చదివితే మీకే తెలుస్తుంది. వేరేచోట రెండో అభిప్రాయం తీసుకోవడానికి రిపోర్టుల కాపీలు అడిగే హక్కు మీకుంది.

డబ్బులైపోయాయి, ఇల్లు అమ్మి వైద్యం చేయించకపోతే లోకం ఏమంటుంది?

లోకం బిల్లు కట్టదు. నయమయ్యే జబ్బుకి అప్పుచేయడం వేరు, నయం కాదని ఇద్దరు డాక్టర్లు చెప్పాక పొలం అమ్మడం వేరు. పోయే మనిషిని అడిగే వీలుంటే అడగండి, పిల్లల నెత్తిన అప్పు పెట్టి పోవాలని నేను కలిసిన ఒక్క పెద్దాయన కూడా కోరుకోలేదు. డబ్బు గురించి ఆలోచించినందుకు మీరు చెడ్డ కొడుకు అయిపోరు.

"లామా సంతకం పెట్టి తీసుకెళ్ళిపోండి" అంటున్నారు. పెట్టాలా?

లామా అంటే డాక్టరు సలహాకి విరుద్ధంగా మీరే తీసుకెళ్తున్నారని ఒప్పుకోవడం. నయం కాదని వాళ్ళే చెప్పి, తప్పు మాత్రం మీ మీద రాయించుకోవడం ఏం న్యాయం? పైగా ఆ కాగితంతో బయటికొస్తే చాలాసార్లు నొప్పి మందు చీటీ కూడా ఉండదు. దారిలోనే అంబులెన్సులో పైపు పీకేసి, ఆయాసంతో పోయినవాళ్ళ గురించి విన్నాను. "పాలియేటివ్ డిశ్చార్జ్ ఇవ్వండి, ఇంట్లో వాడే మందులు రాయండి" అని అడగండి. ఇవ్వకపోయినా సరే, కనీసం ఆయాసానికి, నొప్పికి మందు చేతిలో లేకుండా గేటు దాటకండి.

బ్రెయిన్ డెడ్ అన్నారు. ఒళ్ళు వెచ్చగానే ఉంది, గుండె కొట్టుకుంటోంది. ఎలా నమ్మాలి?

కోమా వేరు, ఇది వేరు. కోమాలోంచి కొందరు తిరిగొస్తారు, బ్రెయిన్ డెత్ నుంచి ఎవరూ రారు. గుండె కొట్టుకునేది మెషిన్ ఊపిరి పోస్తున్నందువల్ల. 1994 అవయవమార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి తేల్చాలి. ఆ పరీక్షల వివరాలు అడిగి చూడండి. అవయవదానం ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం పూర్తిగా మీ ఇష్టం, ఎవరూ ఒత్తిడి పెట్టకూడదు.

అన్నయ్య డల్లాస్ నుంచి బయల్దేరాడు. వచ్చేదాకా మెషిన్ మీద ఉంచమంటున్నాడు.

ఒకటి రెండు రోజులైతే, రోగి మత్తులో నొప్పి లేకుండా ఉంటే, ఉంచడంలో తప్పేం లేదు. చివరిచూపు బతికున్నవాళ్ళకి కూడా అవసరమే. వారం అంటే మాత్రం అన్నయ్యని నేరుగా డాక్టరుతో వీడియోలో మాట్లాడించండి. చివర్లో దూరం నుంచి వచ్చి "అన్నీ చేయండి" అని పట్టుబట్టే బంధువుకి అమెరికా డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అని పేరే పెట్టారు. మనకి ఆ కూతురు నిజంగానే కాలిఫోర్నియాలో ఉంటుంది. ఆ కోపం వెనక ఉన్నది ఇన్నాళ్ళూ దగ్గర లేననే బాధ, దాన్ని అలాగే అర్థం చేసుకోండి.

## ఇంటికి తెచ్చుకున్నాక

తినడం మానేశారు. పైపు వేయించకపోతే ఆకలితో చంపినట్టు కాదా?

మన ఇళ్ళలో ప్రేమంటే అన్నం పెట్టడమే కాబట్టి ఇది అన్నిటికంటే కష్టం. చివరి రోజుల్లో ఒళ్ళు అన్నం అడగదు, ఆకలి చచ్చిపోతుంది. తినకపోవడం వల్ల పోవడం కాదు, పోతున్నారు కాబట్టి తినరు. బలవంతంగా పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళ సంగతి ఇది కాదు, వాళ్ళకి పైపు అవసరం పడొచ్చు.

నోరు మాత్రం ఎండనివ్వకండి. తడి గుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళు తుడవండి, పెదాలకి కొబ్బరినూనె రాయండి. ఇష్టమైనది రుచి చూపించండి. ఒకాయనకి చెంచాడు కాఫీ నాలిక మీద వేస్తే, మింగలేదు, నాలిక ఒక్కసారి తిప్పుకున్నారు. ఆయన భార్య "చక్కెర ఎక్కువైంది, అందుకే మొహం అలా పెట్టారు" అంది.

గొంతులో గరగర శబ్దం వస్తోంది. ఊపిరాడక బాధపడుతున్నారా?

వినేవాళ్ళకి ఉన్నంత బాధ వాళ్ళకి ఉండదు. మింగే శక్తి పోయి ఉమ్మి గొంతులో చేరి చేసే చప్పుడు అది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కొంచెం ఎత్తు పెట్టండి. తగ్గించే మందులున్నాయి, టీంని అడగండి. తులసితీర్థం పోస్తామంటే పోయండి, రెండు చుక్కలు పెదవి లోపల. వచ్చినవాళ్ళందరూ తలా ఒక చెంచా పోయకుండా చూసే పని ఒకరికి అప్పగించండి.

పుండు వాసనకి ఎవరూ గదిలోకి రావడం లేదు.

ఆ మనిషికి నొప్పికంటే ఇది ఎక్కువ అవమానం. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లితే వాసన బాగా తగ్గుతుంది, ఖర్చు కొద్ది రూపాయలే. ఎంత, ఎలా అన్నది నర్సు వచ్చి చూపిస్తుంది. ఒకమ్మకి నోటి క్యాన్సర్, దవడ మీద పుండు, పశువుల కొట్టం పక్క గదిలో ఉంచారు. కట్టు మార్చడం మొదలుపెట్టిన వారానికి మనవరాలు వచ్చి ఆ మంచం మీదే కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది.

ఇంకా ప్రాణం ఉండగానే మంచం మీంచి కింద దించమని పెద్దలు అంటున్నారు.

ఆచారం కాదనక్కర్లేదు, కానీ ఎముకల్లోకి పాకిన జబ్బుకి ఒక్క కుదుపు కూడా నరకమే. ముందుగానే పరుపు నేల మీద వేసి, దుప్పటితో సహా నలుగురు పట్టుకుని అక్కడే పడుకోబెడితే రెండూ నెరవేరతాయి. కదిపే అరగంట ముందు నొప్పిమాత్ర వేయండి.

స్పృహ సరిగా లేదు. ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించమని బాబాయి అంటున్నాడు.

వద్దు. బుద్ధి స్థిమితంగా లేనప్పుడు చేయించిన వీలునామా చెల్లదు, తర్వాత కోర్టులో తిరిగేది మీరే. అంతకంటే కూడా, చూస్తూ పడుకున్న మనిషి వేలికి సిరా పూయడం చూడటానికి బాగుండదు. మర్యాదగా పోనివ్వడమంటే ఇది కూడా.

మాది అద్దె ఇల్లు. ఓనర్ "ఇక్కడ పోకూడదు, శవం లోపలికి రాకూడదు" అంటున్నాడు.

హైదరాబాద్‌లో ఇది రోజూ జరిగేదే. ధనిష్ఠా పంచకం వస్తే ఇల్లు నెలల తరబడి మూయాలనే భయం వాళ్ళది. ముందే మాట్లాడండి, "మీకు శాంతి చేయించి ఇస్తాం" అంటే కొందరు మెత్తబడతారు. మెత్తబడకపోతే హాస్పిస్‌లో అడగండి, లేదా సొంతూరికి తీసుకెళ్ళే ఆలోచన రోగి ప్రయాణం చేయగలిగిన స్థితిలో ఉండగానే చేయండి. చివరి రెండు రోజుల్లో తేల్చుకుందాం అనుకుంటే రోడ్డు మీద అంబులెన్సులో టెంట్ హౌస్ వాడికి ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

## పోయాక

ఇంట్లో పోతే సర్టిఫికెట్ ఎలా? పోలీసులు వస్తారా?

జబ్బుతో సహజంగా పోతే పోలీసులతో పనిలేదు. ఇన్నాళ్ళూ చూసిన డాక్టరు కారణం రాసి ఫారం 4ఎ ఇస్తారు. 21 రోజుల్లోపు మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించండి. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ముందే ఫ్రిజ్ మీద అంటించుకోండి, 108కి చేస్తే వాళ్ళు ఆస్పత్రికే తీసుకెళ్తారు.

ఆపమన్నది నేనే. రోజూ అదే గుర్తొస్తోంది.

కొనసాగించమన్నవాళ్ళకి కూడా రోజూ అదే గుర్తొస్తుంది. నాకు ఆ గాజుగుడ్డ గుర్తొస్తుంది. నిద్ర, తిండి, పని ఇవన్నీ నెలలు గడిచినా దారికి రాకపోతే సైకాలజిస్టుని కలవండి, పాలియేటివ్ టీంలు ఇంటివాళ్ళతో తర్వాత కూడా మాట్లాడతాయి, అడగడానికి మొహమాటపడకండి.

మిగిలిన మార్ఫిన్, ఎయిర్ బెడ్ (ఒంట్లో పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) ఏం చేయాలి?

మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, ఇచ్చినచోటే తిరిగి ఇచ్చేయండి. ఎవరికో నొప్పిగా ఉందని పక్కింటికి ఇవ్వకండి, డబ్బాలో వదిలేయకండి. ఎయిర్ బెడ్ డెట్టాల్ నీళ్ళతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మోటారు వైరు విడిగా చుట్టి టీంకి ఇవ్వండి. మా నాన్న కోసం కొన్నది, ఆయన ఇంటికి రాలేదు కాబట్టి ప్యాకింగ్ కూడా విప్పలేదు. ఇప్పుడది అయిదో ఇంట్లో ఉంది, మొన్న పంక్చరైతే సైకిల్ షాపులో ప్యాచ్ వేయించాం.